అఖిల భారత బార్ పరీక్ష: నిర్వహణ, నిబంధనలు, గడువులు

న్యాయశాస్త్ర పట్టా పొంది, రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు నమోదు చేయించుకుని, నల్లకోటు, తెల్లని బ్యాండు ధరించి కోర్టు మెట్లెక్కిన యువ న్యాయవాదికి వృత్తి హక్కు పూర్తిగా సంక్రమించినట్లేనని సామాన్య ప్రజలే గాక పలు కార్యాలయాల అధికారులు సైతం భావిస్తుంటారు. వాస్తవం కొంత వేరుగా ఉన్నది. 2009-10 విద్యా సంవత్సరం నుండి పట్టభద్రులైన వారికి జాబితాలో నమోదు తొలి మెట్టు మాత్రమే. ఆ నమోదు తాత్కాలికం. అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులై, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నుండి ప్రాక్టీసు ధ్రువపత్రం పొందిన పిమ్మటనే ఆ హక్కు స్థిరపడుతుంది. ఇందుకు నిర్దేశించిన గడువు రెండు సంవత్సరాలు.

ఈ పరీక్షను గూర్చి పత్రికలలో వెలువడే వార్తలలో రెండు పొరపాట్లు తరచుగా కానవస్తున్నాయి. న్యాయ కళాశాలలలో ప్రవేశానికి జరిపే లాసెట్‌తో దీనిని జతపరచి వ్రాయడం ఒకటి. దీనిని న్యాయవాదుల ఎంపిక పరీక్షగా పేర్కొనడం మరొకటి. లాసెట్ ప్రవేశ పరీక్ష. అందులో ర్యాంకు ఉంటుంది, సీటు ఉంటుంది. బార్ పరీక్షలో ర్యాంకు లేదు, సీట్ల సంఖ్య లేదు, ఒకరితో ఒకరికి పోటీ లేదు. నిర్ణీత శాతం మార్కులు తెచ్చుకొన్న వారందరూ ఉత్తీర్ణులే. తప్పినవారు ఎన్ని పర్యాయములైనను తిరిగి వ్రాయవచ్చును. అయినప్పటికీ అభ్యర్థులను ఈ పరీక్ష ఇబ్బంది పెట్టిన సందర్భాలు లేకపోలేదు. ఆ ఇబ్బంది ప్రశ్నపత్రం కాఠిన్యం వలన కన్న తేదీల వలన, కాగితాల వలన కలిగినదే ఎక్కువ.

వెనుకటి సంగతి

వృత్తి ప్రవేశానికి పరీక్ష అనేది తెలుగునాట కొత్త విషయం కాదు. బ్రిటిష్ పాలనలో ప్లీడర్లకు శ్రేణులు ఉండేవి. ఏ శ్రేణి వారు ఏ కోర్టు వరకు వాదించవచ్చునో నిర్ణయమై ఉండేది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా వృత్తి నిర్వహించి, పై కోర్టులలో వాదించే అర్హత నిమిత్తం ఇంగ్లాండు వెళ్లి బారిస్టరై తిరిగి వచ్చిన సంగతి విదితమే. ఎంత ప్రతిభ ఉన్నను శ్రేణి మారనిదే పై కోర్టు గుమ్మం తెరుచుకోని రోజులవి.

స్వాతంత్ర్యానంతరం ఈ భేదాలను తొలగించి దేశమంతటికీ ఒకే తరగతి న్యాయవాదులను ఏర్పరచే ఉద్దేశంతో 1961లో అడ్వకేట్స్ చట్టం వచ్చింది. మొదట ఆ చట్టంలోని 24వ సెక్షను ప్రకారం పట్టభద్రుడు రాష్ట్ర బార్ కౌన్సిల్ నిర్దేశించిన శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణుడైన తరువాతనే జాబితాలో చేరవలసి ఉండేది. 1973 సవరణ ద్వారా ఈ నిబంధన తొలగింది. 1974 జనవరి 31 నుండి ఆ సవరణ అమలులోకి వచ్చింది. అటుపై పట్టాయే చాలు అన్న స్థితి దాదాపు మూడున్నర దశాబ్దాలు సాగింది. నేడు జిల్లా కోర్టులలో సీనియర్లుగా గౌరవం అందుకొంటున్న వారిలో అధిక సంఖ్యాకులు ఆ కాలంలో వృత్తిలో చేరినవారే కావడం గమనార్హం. వారికి ఈ పరీక్షతో నిమిత్తం లేదు.

మధ్యలో ఒక ప్రయత్నం జరిగి విఫలమైంది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదుకు పూర్వం ఒక సంవత్సరం శిక్షణను తప్పనిసరి చేస్తూ నిబంధనలు రూపొందించగా, 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. చట్టంలో చెప్పని అర్హతను నమోదుకు అదనంగా జోడించే అధికారం కౌన్సిల్‌కు లేదన్నది ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పును దృష్టిలో నుంచుకొనినచో 2010 నాటి ఏర్పాటు రూపురేఖలు సులభంగా అర్థమవుతాయి. నమోదుకు ముందు షరతు విధించే మార్గం మూసుకుపోయినందున, నమోదు అయిన పిమ్మట వృత్తి హక్కుకు షరతు విధించే మార్గాన్ని కౌన్సిల్ ఎంచుకొన్నది. వృత్తి హక్కు ఏ షరతులకు లోబడి ఉండవలెనో నిర్ణయించే అధికారం చట్టంలోని 49వ సెక్షను కింద కౌన్సిల్‌కు కలదు. ముందు పేరు నమోదు, తరువాత పరీక్ష అనే విలోమ క్రమం వెనుక ఉన్న కారణం ఇది. సామాన్యునికి వింతగా తోచే ఈ వరుస న్యాయపరమైన అవసరం నుండి పుట్టినదే.

2010లో చేర్చిన ఆ నిబంధనల ప్రకారం, బార్ పరీక్షలో ఉత్తీర్ణత పొందనిదే జాబితాలోని ఏ న్యాయవాదికీ వృత్తి నిర్వహించే అర్హత ఉండదు. తొలి పరీక్షను 2010 డిసెంబరు 5న జరపాలని నిర్ణయించి, అనంతరం వాయిదా వేసి 2011 మార్చి 6న నిర్వహించారు. తెలుగు సహా తొమ్మిది భాషలలో ఆ పరీక్ష వ్రాసే వీలు కల్పించారు. అదే సంవత్సరం జూన్ 15న, దేశంలోని అన్ని న్యాయస్థానాలలోను, ట్రిబ్యునళ్లలోను వృత్తి చేసుకొనే హక్కును న్యాయవాదికి ప్రసాదించే 30వ సెక్షను అమలులోకి వచ్చింది. చట్టం వచ్చిన ఏబది సంవత్సరాలకు గాని ఆ సెక్షనుకు మోక్షం కలగలేదు.

పరీక్ష చెల్లుబాటును ప్రశ్నిస్తూ దేశంలోని పలు న్యాయస్థానాలలో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. 2016లో ఈ వివాదం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదింపబడింది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ నేతృత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న తీర్పు వెలువరిస్తూ, పరీక్ష నిర్వహించే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉన్నదని, దానిని నమోదుకు ముందు జరపాలా, తరువాత జరపాలా అన్నది కౌన్సిల్ విచక్షణకు చెందినదని స్పష్టం చేసింది. 1999 నాటి తీర్పులోని సూత్రం సరైనది కాదని పేర్కొన్నది. దీనితో పరీక్ష ఉండవలెనా వలదా అన్న చర్చకు తెరపడింది. ఎట్లు, ఎప్పుడు జరపవలెనన్న ప్రశ్నలు మాత్రం మిగిలాయి.

ప్రశ్నపత్రం

పరీక్ష ఒకే పత్రం. నూరు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఒక మార్కు. ఇచ్చిన సమాధానాలలో సరైనదానిని ఎన్నుకొని ఓఎమ్మార్ పత్రంపై గుర్తించవలెను. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. కావున ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువనవసరం లేదు. పాఠ్యాంశాలు పందొమ్మిది శీర్షికలుగా ఉన్నాయి. వాటిలో రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్ కోడ్, క్రిమినల్ ప్రొసీజర్ మూడింటికి పదేసి మార్కులు. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం, కుటుంబ చట్టాలు, ఒప్పందం-ఆస్తి బదలాయింపు-నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కలిసిన శీర్షికకు ఎనిమిదేసి మార్కులు కేటాయించారు. అనగా ఈ ఏడు శీర్షికల నుండే అరువది రెండు మార్కులు వస్తాయి. మోటారు వాహన ప్రమాదాలు, వినియోగదారుల రక్షణ కలిసిన టార్ట్స్ శీర్షికకు అయిదు మార్కులు. పన్నులు, కార్మిక చట్టాలు, మధ్యవర్తిత్వం, ప్రజాప్రయోజన వ్యాజ్యాలు, వృత్తి నీతి ఒక్కొక్కదానికి నాలుగు మార్కులు. పరిపాలనా చట్టానికి మూడు. మిగిలిన కంపెనీ, పర్యావరణ, సైబర్, భూసేకరణ, మేధోసంపత్తి చట్టాలకు రెండేసి మార్కులు చెల్లుతాయి.

ఈ కేటాయింపును పరిశీలించిన వారికి పరీక్ష ఉద్దేశం బోధపడుతుంది. మునసబు కోర్టులో తొలి సంవత్సరాలలో జూనియర్ చేతికి వచ్చే పనికి, ఈ మార్కుల పంపకానికి దగ్గర పోలిక కలదు. దావా దాఖలు, బెయిలు దరఖాస్తు, సాక్షి విచారణ, చెక్కు బౌన్సు ఫిర్యాదు, మనోవర్తి కేసు వంటివి ఆ పనిలో ఉంటాయి. భూసేకరణకు రెండే మార్కులు కేటాయించడం తెలుగు జిల్లాల అనుభవంతో చూచినప్పుడు కొంత తక్కువగా తోచవచ్చును. ప్రాజెక్టులు, రహదారుల కింద భూములు కోల్పోయిన రైతుల పరిహారం కేసులు ఇక్కడి కోర్టులలో ఎంత విస్తారంగా ఉంటాయో అందరికీ తెలిసినదే. వృత్తి నీతికి నాలుగు మార్కులు చాలునా అన్న ప్రశ్న కూడా వేసుకొనదగినదే.

2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చిన నేపథ్యంలో, అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన పందొమ్మిదవ పరీక్ష నుండి పాత చట్టాలతోపాటు కొత్త చట్టాలను పాఠ్యప్రణాళికలో చేర్చారు. కళాశాలలో ఒక సెక్షను సంఖ్య చదివి, పరీక్షలో మరొక సంఖ్య గుర్తించవలసిన ఇబ్బంది కొన్ని బ్యాచ్‌ల విద్యార్థులకు తప్పలేదు. అయితే 2024 జులైకి పూర్వం జరిగిన నేరాల కేసులు పాత శిక్షాస్మృతి ప్రకారమే విచారణ సాగుతున్నందున, న్యాయవాదికి రెండూ తెలిసి ఉండడం వృత్తిరీత్యా అవసరమే.

పుస్తకాల విషయంలో నిబంధనలు మారాయి. ఆరంభంలో అభ్యర్థులు పుస్తకాలు, నోట్సు వెంట తీసుకొని వెళ్లి పరీక్ష వ్రాసేవారు. 2021 అక్టోబరు 31న జరిగిన పదహారవ పరీక్ష నుండి ఆ సౌకర్యం ఉపసంహరింపబడింది. తరువాతి పరీక్షలలో వ్యాఖ్యానాలు, వివరణలు, చేతివ్రాతలు లేని చట్టాల మూల ప్రతులను మాత్రమే అనుమతించారు. సీనియర్ల ఆఫీసులోని పాత ప్రతులలో పెన్సిలు గీతలు, అంచులలో తీర్పుల ప్రస్తావనలు ఉండడం సహజం. అట్టి ప్రతిని పరీక్షా మందిరానికి తీసుకొని వెళ్లరాదు.

ఉత్తీర్ణతా శాతం సైతం పెరిగింది. 2023 డిసెంబరు 10న జరిగిన పద్దెనిమిదవ పరీక్ష నుండి సాధారణ, ఇతర వెనుకబడిన తరగతుల అభ్యర్థులకు 45 శాతం, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వికలాంగ అభ్యర్థులకు 40 శాతం నిర్ణయించారు. అంతకు మునుపు సాధారణ అభ్యర్థులకు 40 శాతం సరిపోయేది. పరీక్ష అనంతరం ప్రాథమిక సమాధానాల పట్టికను ప్రకటించి, అభ్యర్థుల అభ్యంతరాలు స్వీకరించి, తుది పట్టిక విడుదల చేయడం ఆనవాయితీ. తప్పుగా ఉన్నవని తేలిన ప్రశ్నలను తొలగించినచో మిగిలిన ప్రశ్నల సంఖ్యపై శాతాన్ని లెక్కిస్తారు. ఉదాహరణకు ఏడు ప్రశ్నలు తొలగిపోయి తొంబది మూడు మిగిలినచో 45 శాతం అనగా 41.85, అభ్యర్థి 42 తెచ్చుకొనవలెను. 45 మార్కులకు తక్కువైనవారంతా తప్పినట్లు వార్త వ్రాయబోయే ముందు విలేఖరులు ఈ లెక్కను సరిచూచుకొనగలరు.

దరఖాస్తు, పేర్ల చిక్కు

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లో సమర్పించవలసి ఉంటుంది. నమోదు సంఖ్య, నమోదు ధ్రువపత్రం ప్రతి, గుర్తింపు పత్రం, వర్తించినచో కుల లేదా వైకల్య ధ్రువపత్రం జతపరచవలెను. నమోదు సంఖ్యలో రాష్ట్ర సంకేతాక్షరాలు, వరుస సంఖ్య, సంవత్సరం మూడూ ఉంటాయి. ధ్రువపత్రంలో ఉన్నది ఉన్నట్లుగానే పూరించవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు వేర్వేరు హైకోర్టులు 2019 జనవరి 1 నుండి పనిచేస్తున్నాయి. బార్ కౌన్సిళ్లు కూడా వేర్వేరు. ఒక రాష్ట్రంలో చదివి మరొక రాష్ట్రంలో నమోదైన వారు తాము ఏ జాబితాలో ఉన్నారో ఆ రాష్ట్రాన్నే పేర్కొనవలెను.

తెలుగువారి పేర్ల విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. పట్టాలో అది పొడి అక్షరంగా మారుతుంది. ఆధార్‌లో పేరు ముందుకు, ఇంటిపేరు వెనుకకు వెళ్తాయి. వివాహానంతరం మహిళా అభ్యర్థుల ఇంటిపేరు మారి ఉండవచ్చును. ఈ నాలుగు కాగితాలలో నాలుగు రూపాలలో ఉన్న వ్యక్తి ఒక్కరేనని బంధువులకు తెలుసును గాని కంప్యూటరుకు తెలియదు. ప్రాక్టీసు ధ్రువపత్రం దరఖాస్తులోని పేరు మీదుగానే తయారవుతుంది గనుక, బార్ కౌన్సిల్ జాబితాలో ఉన్న పేరునే అక్షరం మారకుండా వ్రాయడం శ్రేయస్కరం. జాబితాలోనే దోషం ఉన్నచో పరీక్ష ప్రకటన వచ్చేదాకా వేచి ఉండక ముందుగానే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచేయించుకొనవలెను.

రుసుము గూర్చి ఒక వివరణ అవసరం. నమోదు రుసుముగా రాష్ట్ర బార్ కౌన్సిళ్లు చట్టం అనుమతించిన దానికి మించి వసూలు చేయరాదని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తదనుసారం సాధారణ అభ్యర్థులకు రాష్ట్ర, కేంద్ర కౌన్సిళ్ల వాటా కలిపి రూ. 750, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి రూ. 125 పరిమితి. ఈ పరిమితి నమోదుకు సంబంధించినది. బార్ పరీక్ష రుసుము వేరు. దానిని కౌన్సిల్ ప్రతి పరీక్షకు ప్రకటనలో తెలుపుతుంది. ఈ రెండింటినీ కలిపి, పరీక్షకు రూ. 750 చాలునని కొందరు అభ్యర్థులకు తప్పుడు సమాచారం అందిన సందర్భాలలో ఆఖరు రోజున ఇబ్బంది కలిగే అవకాశం ఉన్నది.

పరీక్ష వ్యవధి, పరీక్ష వ్రాయదగిన భాషలు, కేంద్రాలు ఉన్న నగరాలు ఒక్కొక్క పర్యాయం మారుతుంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థులు తాము కోరిన భాష ఆ పరీక్షకు ఉన్నదో లేదో ప్రకటనలో చూచుకొని మరీ దరఖాస్తు పూరించవలెను.

రెండేళ్ల గడువు, పరీక్షల మధ్య ఎడం

ఈ విషయంలో మిక్కిలి శ్రద్ధ వహించవలసిన అంశం గడువు. సంవత్సరానికి కనీసం రెండు పర్యాయాలు పరీక్ష జరపవలెనని 2010 నాటి నిబంధనలు పేర్కొన్నాయి. ఆ లెక్కన తాత్కాలిక నమోదు పొందిన వ్యక్తికి రెండేళ్లలో నాలుగు అవకాశాలు రావలెను. జరిగిన తేదీలు వేరొక కథ చెబుతున్నాయి. పదహారవ పరీక్ష 2021 అక్టోబరు 31న, పదిహేడవది 2023 ఫిబ్రవరి 5న, పద్దెనిమిదవది 2023 డిసెంబరు 10న, పందొమ్మిదవది 2024 డిసెంబరు 22న, ఇరువదవది 2025 నవంబరు 30న జరిగాయి. 2022 సంవత్సరంలో పరీక్షయే లేదు.

2021 నవంబరు నెల మధ్యలో నమోదైన ఒక న్యాయవాదిని ఉదాహరణగా తీసుకొందాము. పదహారవ పరీక్ష అప్పటికి రెండు వారాల క్రిందటే ముగిసినది. తదుపరి పరీక్ష వచ్చుటకు దాదాపు పదిహేను నెలలు పట్టింది. ఆ ఒక్క పరీక్ష తరువాత మరొకటి జరిగేనాటికి, అనగా 2023 డిసెంబరు నాటికి, నమోదై రెండేళ్లు దాటిపోయినవి. కాగితంపై నాలుగు అవకాశాలు గల వ్యక్తికి గడువులోపల లభించినది ఒక్కటే. ఆ రోజున జ్వరం వచ్చినా, ఇంట్లో ఎవరికైనా అవసరం పడినా గడువు గడచిపోయినట్లే. 2024 జనవరిలో నమోదైన వారికి రెండేళ్లలో రెండు అవకాశాలు దక్కాయి. అభ్యర్థి శ్రద్ధాలోపంతో నిమిత్తం లేని ఈ వ్యత్యాసాన్ని, ఒకరి వృత్తి హక్కుపై నిర్ణయం తీసుకొనే అధికారులు గుర్తెరిగి ఉండడం న్యాయం.

ప్రకటించిన తేదీ సైతం కడవరకు నిలుస్తుందన్న భరోసా లేదు. పందొమ్మిదవ పరీక్షకు తొలుత 2024 నవంబరు 24 తేదీగా ప్రకటించి, డిసెంబరు 1కి, మరల డిసెంబరు 22కి మార్చారు. శ్రీకాకుళం, ఆదిలాబాద్ వంటి దూరప్రాంతాల నుండి పరీక్షా కేంద్రం ఉన్న నగరానికి రైలు టికెట్టు, ఒక రాత్రి బస ఏర్పాటు చేసుకొన్న జూనియరుకు ఒక్కొక్క వాయిదా ఎంత భారమో వేరుగా చెప్పనవసరం లేదు. జూనియర్లకు నెలనెలా వచ్చే ఆదాయం ఎంతటిదో కోర్టు ఆవరణలో తిరిగే వారందరూ ఎరుగుదురు.

ఫలితాల వెల్లడికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకొనవలెను. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష ఫలితాలు 2024 మార్చిలో వెలువడ్డాయి. ఫలితాలు ప్రకటించిన ముప్పది రోజులలో ప్రాక్టీసు ధ్రువపత్రం జారీ కావలెనని 2010 నిబంధనలు చెప్పినవి.

గడువు సమస్యకు కొంత ఉపశమనం కల్పించినది చివరి సంవత్సరం విద్యార్థులకు అవకాశం ఇవ్వడం. రాజ్యాంగ ధర్మాసనం 2023 తీర్పులోనే ఈ సూచనను సమ్మతించింది. అమలులో జాప్యం జరగడంతో విషయం తిరిగి సుప్రీంకోర్టుకు వెళ్లగా, పందొమ్మిదవ పరీక్షకు ఆఖరు సెమిస్టరు విద్యార్థులను అనుమతించవలసిందిగా 2024 సెప్టెంబరులో న్యాయస్థానం ఆదేశించింది. వీరు పరీక్షలో ఉత్తీర్ణులైనంత మాత్రాన న్యాయవాదులు కారు. పట్టా చేతికి వచ్చి, జాబితాలో నమోదు జరగవలసి ఉంటుంది. అయితే నమోదు నాటికే పరీక్ష బరువు దిగిపోయి ఉంటుంది గనుక, రెండేళ్ల గడియారం వారిని భయపెట్టదు. అర్హత ఉన్న విద్యార్థులు ఈ వెసులుబాటును వినియోగించుకొనేలా న్యాయ కళాశాలల ప్రిన్సిపాళ్లు ముందుగా తెలియజేయడం ఉపయోగకరం.

కార్యాలయాలు పరిశీలించవలసినవి

ప్రభుత్వ ప్లీడర్లు, ప్రత్యేక న్యాయవాదులు, సంస్థల స్టాండింగ్ కౌన్సిల్ నియామకాలకు వచ్చే దరఖాస్తులలో నమోదు ధ్రువపత్రం ఒక్కటే జతపరచి ఉండడం కద్దు. అభ్యర్థి 2009-10కి మునుపు పట్టభద్రుడైనచో అది చాలును. అటు తరువాతి వారైనచో ప్రాక్టీసు ధ్రువపత్రం కూడా కోరవలెను. తాత్కాలిక నమోదు గడువులో ఉన్నవారైతే నమోదు తేదీని నమోదు చేసుకొనవలెను. పబ్లిక్ ప్రాసిక్యూటరు నియామకానికి ఏడు సంవత్సరాల వృత్తి అనుభవం ఉండవలెనని నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షను నిర్దేశిస్తున్నది గనుక, ఇట్టి సందర్భాలలో తేదీల లెక్క నామమాత్రం కాదు. హక్కు లేకుండా న్యాయవాద వృత్తి నిర్వహించిన వారికి అడ్వకేట్స్ చట్టం 45వ సెక్షను కింద ఆరు మాసాల వరకు కారాగార శిక్ష విధించవచ్చును. ఇక్కడ నష్టపోయేది వకాల్తాపై సంతకం చేసి కేసు అప్పగించిన కక్షిదారు. తన ప్లీడరు గడువు తీరినదో లేదో తెలుసుకొనే మార్గం ఆ కక్షిదారుకు సాధారణంగా ఉండదు.

అనుభవాన్ని ఏ తేదీ నుండి లెక్కించవలెనన్న ప్రశ్న జూనియర్ సివిల్ జడ్జి నియామకాల సందర్భంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆ పోస్టులకు మూడు సంవత్సరాల వృత్తి అనుభవాన్ని పునరుద్ధరిస్తూ 2025 మే 20న ఇచ్చిన తీర్పులో, ఆ కాలాన్ని బార్ పరీక్ష ఉత్తీర్ణత తేదీ నుండి గాక తాత్కాలిక నమోదు తేదీ నుండి లెక్కించవలెనని న్యాయస్థానం స్పష్టీకరించింది. బార్ పరీక్ష వేర్వేరు సమయాలలో జరుగుతుండడాన్ని ఇందుకు కారణంగా చూపింది. అనుభవానికి రుజువుగా కనీసం పది సంవత్సరాల అనుభవం గల న్యాయవాది ఇచ్చి, జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించిన పత్రాన్ని స్వీకరించవచ్చునని పేర్కొన్నది. ఈ లెక్క ఆ పోస్టుల సందర్భంలో చెప్పినది. ఇతర నియామకాలకు దానిని యథాతథంగా అన్వయించే ముందు ఆయా శాఖలు న్యాయశాఖ అభిప్రాయం తీసుకొనవలసి ఉంటుంది.

పరీక్ష తేదీలు, దరఖాస్తు గడువులు, ఫలితాలకు సంబంధించి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధికారిక ప్రకటనలే ప్రామాణికం. సామాజిక మాధ్యమాలలోను, శిక్షణ కేంద్రాల కరపత్రాలలోను వచ్చే తేదీలను విలేఖరులు సరిచూచుకొనకుండా ప్రచురించరాదు. నమోదు వివరాలలో తప్పులు, ధ్రువపత్రం అందకపోవడం వంటి విషయాలపై అభ్యర్థులు తాము నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యాలయాన్ని నమోదు సంఖ్య, పరీక్ష హాల్ టికెట్టు సంఖ్యలతో వ్రాతపూర్వకంగా సంప్రదించవలెను.